మావయ్య కుడిచెయ్యి

డైరెక్టర్ గారు చేతిలోని కర్రతో స్టాండు మీద టకటకా కొట్టారు. హాల్లో అందరి చేతులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"హార్న్స్," అన్నారాయన. "గొంతులో దూది కుక్కుకుని ఊదుతున్నట్టుంది. ఎవరది?"

ఎవరని అడిగారే గానీ ఆయన చూపు అప్పటికే చిన్ని మీద ఉంది. నిజానికి ఆర్కెస్ట్రాలో ఆయన చేసే పనిని కండక్టర్ అంటారు. ఆ మాట వింటే బస్సు గుర్తొస్తోందని ఎవరో ఎప్పుడో డైరెక్టర్ అనడం మొదలుపెట్టారు, అదే ఖాయమైపోయింది. బస్సు కండక్టరైతే టిక్కెట్టు లేని మనిషినే దింపుతాడు. ఈయన ఎవరినైనా దింపగలరు.

ఇత్తడి వాద్యాల వరసలో ఆ చివర, చుట్టలు చుట్టిన గొట్టంలా ఉండే హార్న్‌లవి రెండు కుర్చీలు. మొదటి దాంట్లో మావయ్య, రెండో దాంట్లో చిన్ని. అమ్మకి స్వయానా తమ్ముడు మావయ్య. ఆయన ఆ కుర్చీలో కూర్చోబట్టి ముప్ఫై ఏళ్లు కావస్తోంది. చిన్ని వచ్చి ఏడాది కూడా నిండలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. చిన్ని అనేది ఇంట్లో పిలిచే పేరు. మావయ్య నోట విని ఇక్కడా అందరూ అలాగే పిలుస్తున్నారు, ఆమెకి ముప్ఫై దగ్గర పడుతున్నా సరే.

"రెండో భాగంలో ఆ నెమ్మది చోటు. మీరిద్దరే, మళ్లీ."

వయొలిన్లన్నీ ఊరుకునే చోటు అది. రెండు హార్న్‌లూ ఒకే స్వరం మీద మొదలై, మెల్లగా విడిపోయి, తిరిగి ఆ స్వరం దగ్గరికే వచ్చి కలుస్తాయి. మావయ్య ఊపిరి పీల్చిన చప్పుడు విని చిన్ని అదే క్షణాన పీల్చింది. ఇద్దరూ ఊదారు. డైరెక్టర్ గారు చెప్పింది అబద్ధం కాదు. స్వరం దుప్పటి కింద నుంచి వస్తున్నట్టుంది, శ్రుతి కూడా ఒక వెంట్రుకవాసి కిందికి జారింది.

"ఈ అమ్మాయి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస," అన్నారు డైరెక్టర్ గారు. "మీరు పక్కనే కూర్చుంటారు. మీకేమనిపిస్తోంది?"

మావయ్య తన హార్న్ వాల్వు కింద ఏదో దుమ్ము ఉన్నట్టు వేలితో తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"చూద్దాం సార్. ఇంకా పెదవి కుదురుకోవాలి."

"శనివారం వింటాను. ముందు అమ్మాయి ఒక్కతీ, తర్వాత మీరిద్దరూ. అప్పటికీ ఇలాగే ఉంటే ఇంకొకరిని చూసుకుందాం."

చిన్నికి చెవులు వేడెక్కాయి. ముందు వరసలో సెల్లో వాయించే అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, జాలిపడి, చటుక్కున తల తిప్పేసుకుంది. ఆ జాలి తిట్టు కంటే ఘోరంగా ఉంది. పక్కన ట్రంపెట్ ఆయన మాత్రం నోటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, "హార్నూ అల్లుడూ ఒకటేనమ్మా. ఎందుకలిగారో చచ్చినా చెప్పరు," అన్నాడు. ఆయన మంచి మనిషి. కానీ చిన్నికి నవ్వు రాలేదు. ఈ ఊళ్లో ఇంకో ఆర్కెస్ట్రా లేదు. ఈ కుర్చీ పోతే హార్న్‌ని పెట్టెలో పెట్టి మంచం కిందికి తోసెయ్యడమే.

హాలు వెనకే క్వార్టర్స్. నాలుగో అంతస్తులో రెండు గదులు, ఓ వంటిల్లు, మావయ్య ఉద్యోగానికిచ్చిన ఇల్లు. నాన్న పోయాక అమ్మా చిన్నీ వచ్చి ఆ రెండు గదుల్లోనే సర్దుకున్నారు. అత్తయ్య ఏనాడూ ముఖం చిట్లించలేదు, అది చెప్పుకోవాలి.

ఆ సాయంత్రం మావయ్య భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి, "ఏదీ, నీ హార్న్ ఇలా తే," అన్నాడు. 

అత్తయ్య గ్లాసులన్నీ తీసి పక్కన పెట్టింది. ఆయన గొట్టాలు ఒక్కొక్కటే ఊడదీసి వరసగా పేర్చాడు. ఏ గొట్టంలోనైనా తడి మిగిలితే స్వరం గుడగుడలాడుతుందని ఒక్కోదాన్నీ వంచి చూశాడు. పొడుగాటి బ్రష్షుకి సబ్బునీళ్లు పట్టించి లోపలికంటా దోపి లాగాడు. వాల్వుల్లో నూనె చుక్కలు వేసి, వాల్వు నొక్కకుండా గొట్టం లాగి, అప్పుడు నొక్కాడు. టప్‌మని చప్పుడొచ్చింది.

"విన్నావా? గాలి పోవట్లేదు. పోతే ఈ చప్పుడు రాదు."

"తెలుసు మావయ్యా. నువ్వే చెప్పావుగా."

"మళ్లీ చెప్తే తప్పేంటి?"

అతుకులన్నీ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. ఎక్కడా గలగలమనలేదు. మౌత్‌పీస్ చివర సన్నటి కాగితం ముక్క చుట్టి బిగించి, అది వదులుగా కూర్చుంటోందేమోనని చూశాడు. కాగితం తీసి మళ్లీ చూశాడు. డాక్టరు కూడా మనిషిని అంత ఓపిగ్గా పరీక్షించడు. చిన్నికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొద్దున ఆయన పెదవి మాట అన్నందుకు మనసులో కష్టపెట్టుకుంది గానీ, ఈయన కాకపోతే తన గురించి ఇంత తపన ఎవరికుంటుంది?

"హార్న్‌లో ఏం లేదు," అన్నాడు చివరికి, గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ. ఆ మాట ఆమెతో అన్నట్టు లేదు.

"అయితే నాలోనే ఉందన్నమాట."

మావయ్య బల్ల మీది పేపర్లు మడిచి తీసేశాడు. అత్తయ్య కంచం పెడితే ఓ పక్క దవడతో మెల్లగా నమిలి తిన్నాడు. పోయిన చలికాలం పైవరసలో ముందుపన్ను ఊడింది. కట్టుడుపన్ను పెట్టించుకున్న దగ్గర్నుంచీ ఆయన తిండి అంతే. అత్తయ్య ఆయనకి అన్నీ మెత్తగానే వండుతోంది.

మర్నాడు చిన్ని తనని తాను పరీక్షించుకుంది. ఒట్టి మౌత్‌పీస్‌ని పెదాలకి ఆనించి తుమ్మెదలా రొద చేసింది. రొద ఎక్కడా చీలలేదు. అద్దం ముందు నిలబడి పెదాల మూలల్ని చూసుకుంది. బుగ్గలు ఉబ్బట్లేదు. పొట్ట దగ్గర నుంచే గాలి వస్తోంది. మెట్ల మీద నిలబడి చిన్నగా మొదలుపెట్టి, పెద్దది చేసి, మళ్లీ చిన్నది చేస్తూ ఒకే స్వరాన్ని ఊపిరున్నంతసేపు ఊదింది. స్వరం నిండుగా, గుండ్రంగా కింది అంతస్తు దాకా దిగింది. రెండో అంతస్తు ముసలాయన తలుపు తీసి, "ఇవాళ బాగుందమ్మాయ్, కాస్త ఆపుతావా?" అన్నాడు.

మరి మెట్ల మీద ఉన్న స్వరం హాల్లోకి వెళ్లేసరికి ఏమైపోతోంది?

హాలునే అనుమానించింది. హార్న్ నోరు, శబ్దం బయటికొచ్చే ఆ వెడల్పాటి చివర, వెనక్కి తిరిగి ఉంటుంది. వినేవాళ్లకి చేరేది వెనక గోడకి తగిలి తిరిగొచ్చిన శబ్దమే. ఆ గోడ మీద ఈమధ్య తెరేమైనా కట్టారా? రిహార్సల్‌కి అందరికంటే ముందు వెళ్లి గోడ తడిమి చూసింది. ఎప్పటి గోడే. తన కుర్చీలో కూర్చుని ఆ నెమ్మది చోటు ఊదింది. శుభ్రంగా వచ్చింది. కుర్చీ జరిపి ఊదింది. అప్పుడూ అంతే. దయ్యమేదైనా ఉంటే అది అందరూ వచ్చాకే వస్తుంది కాబోలు అనుకుంది.

అంతలో మావయ్య వచ్చాడు. కోటు కుర్చీకి తగిలించి, హార్న్ ఒళ్లో పెట్టుకుని, వేడెక్కడానికి కింది స్వరాలు ఊదడం మొదలుపెట్టాడు. చిన్ని కూడా అలవాటుగా ఆయనతో కలిసింది. ఒక్క స్వరం, రెండో స్వరం. దుప్పటి వచ్చి మీద పడింది.

ఆమె ఊదుతూనే తలొంచి చూసుకుంది. హార్న్ నోట్లో ఉండే కుడిచెయ్యి, దోసిలిలా తెరుచుకుని ఉండాల్సింది, మూసుకుపోయి ఉంది. అరచెయ్యి ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియదు. ఆ చెయ్యి తెరిస్తే స్వరం వెలుగుతుంది, మూస్తే మసకబారి కాస్త కిందికి జారుతుంది. హార్న్ పట్టుకున్న మొదటి నెలలో నేర్పే పాఠం.

ఆమె చెయ్యి చూసుకుని, తర్వాత మావయ్య చెయ్యి చూసింది. అది మణికట్టు దాకా లోపలికి దిగి ఉంది.

"నీ చెవి నీ హార్న్ దగ్గర ఉండకూడదు, నా హార్న్ దగ్గర ఉండాలి," అని నేర్పాడాయన, ఆమె పిల్లగా ఉన్నప్పుడే. "ఫస్ట్ కుర్చీ తప్పు ఊదినా సెకండ్ కుర్చీ ఆ తప్పే ఊదాలి. అప్పుడు అది తప్పులా వినపడదు." ఆమె ఆ మాట ఎంత బాగా నేర్చుకుందంటే, ఇన్ని నెలలుగా ఆయన చెయ్యి ఎటు పోతే తన చెయ్యీ అటే పోతోందని కూడా గుర్తించలేదు. మంచి సెకండ్ అంటే అదే. మంచి సెకండ్ కాబట్టే దొరికిపోయింది.

మావయ్య ఆగాడు. ఊపిరి తీసుకుంటుంటే కట్టుడుపన్ను పక్క నుంచి సన్నగా 'స్స్' మన్నది. గాలి పోతున్నది అక్కడ. స్వరంలో ఆ బుసని దాచడానికే చెయ్యి మూస్తున్నాడు. ఆయన ఒంటరిగా ఊదితే దాన్నే అందరూ వయసుతో వచ్చిన గాంభీర్యం అని మెచ్చుకుంటున్నారు.

"ఏంటలా చూస్తున్నావ్?" అన్నాడు.

"ఏం లేదు మావయ్యా."

సాయంత్రం అమ్మ ముందుగదిలో బల్ల మీద దుప్పటి పరిచి మావయ్య నల్లకోటు ఇస్త్రీ చేస్తోంది. వేళ్లతో నీళ్లు చిలకరించి, కాలరు మడత మీద పెట్టె ఆనించి, పైకి ఎత్తి చూసి, మళ్లీ ఆనిస్తోంది. మావయ్య అత్తయ్యని కీళ్లనొప్పుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. చిన్ని ఉన్నదంతా చెప్పింది. చెయ్యి సంగతీ, పన్ను సంగతీ, సార్ అడిగినప్పుడు మావయ్య అన్న మాటా.

అమ్మ ఆశ్చర్యపోలేదు. చిన్ని దానికి సిద్ధపడి లేదు.

"నీకు తెలుసా?"

"ఈ ఇంట్లో గోడలెంత మందమే? రోజూ వింటూనే ఉన్నాను. మీ అత్తయ్యా వింటూనే ఉంది."

"మరి నాకు ఒక్కళ్లయినా చెప్పలేదేం?"

"చెప్తే వాడి పక్కన కూర్చుని ఊదగలిగేదానివా?"

"ఇప్పుడు నన్ను పంపించేస్తారమ్మా. ఆయన తప్పుకి నన్ను పంపించేస్తారు. పెదవి కుదురుకోవాలంటాడా? నా పెదవికేమొచ్చింది?"

అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. కోటు చేతిని సవరిస్తూ, చిన్ని మొహంలోకి చూడకుండా అంది. "నువ్వు పోతే ఒక్కదానివే పోతావు. వాడు పోతే ఈ ఇల్లు పోతుంది. నలుగురం రోడ్డు మీద పడతాం. వచ్చే ఏడు ఎలాగూ రిటైరవుతాడు. అందాకా లాక్కొస్తే ఏదో దారి చూసుకుంటాడు."

"నా సంగతో?"

"నువ్వు చిన్నదానివి. ఇంకేదైనా చేసుకుంటావు."

చిన్నికి అరవాలనిపించింది. పదేళ్ల వయసు నుంచీ ఆ గొట్టంలోకి ఊపిరంతా పోసింది, ఇంకేదైనా ఏం చేసుకుంటుంది? కానీ అమ్మ కళ్లకింద చెమటో కన్నీరో మెరుస్తోంది, చేతులు మాత్రం కోటు గుండీలు పెడుతూనే ఉన్నాయి. తమ్ముడికీ కూతురికీ మధ్య లెక్క ఎప్పుడో తేల్చేసుకుని కూర్చుంది ఆవిడ. అందులో చిన్ని తక్కువ తూగింది. ప్రేమ లేక కాదు, దానివల్లే ఇంకా ఎక్కువ నొప్పి పుట్టింది.

శనివారం పొద్దున ఇద్దరూ పెట్టెలు పట్టుకుని మెట్లు దిగారు. రెండో అంతస్తు మలుపు దగ్గర మావయ్య ఆగాడు. అమ్మ చెప్పేసిందని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. గడ్డం కూడా సరిగ్గా గీసుకోలేదు, దవడ కింద తెల్లటి వెంట్రుకలు మిగిలిపోయాయి.

"చిన్నీ, ఇవాళ ఎప్పట్లాగే నా వెనకే రా. వాళ్లేమన్నా అననీ. ఇంకో ఆర్నెల్లు గడువిమ్మని నేను అడుగుతాను. ముప్ఫై ఏళ్లుగా ఉన్నాను, నా మాట తీసెయ్యరు."

"తీసేస్తే?"

ఆయన పెట్టెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నా వెనకే రామ్మా," అన్నాడు మళ్లీ. ఎప్పుడూ ఆయన ఆమెని ఏదీ బతిమాలింది లేదు. మిగిలిన మెట్లు ఇద్దరూ చప్పుడు లేకుండా దిగారు.

హాల్లో మూడో వరసలో డైరెక్టర్ గారు, పక్కన మేనేజరు, వయొలిన్ల పెద్దాయన. వేదిక మీద రెండే కుర్చీలు. చుట్టూ అంత ఖాళీలో ఆ కుర్చీలు చూస్తే ఎవరినో విచారణకి పిలిచినట్టుంది.

చిన్ని ఒక్కతీ ఊదింది. పొడుగు స్వరాలు, పైకీ కిందికీ వరసలు, ఆఖరున ఆ నెమ్మది చోటు. స్వరం మెట్ల మీద ఉన్నట్టే ఉంది. వయొలిన్ల పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ తలాడించాడు. డైరెక్టర్ గారు కనుబొమలు ముడిచారు.

"ఒంటరిగా బాగానే ఉంది. కలిసినప్పుడే ఏదో అవుతోంది. ఇద్దరూ కానివ్వండి."

మావయ్య ఊపిరి. చిన్ని ఊపిరి. మొదటి స్వరంలోనే ఆమె అరచెయ్యి మూసుకోబోయింది. ఆమె దాన్ని బలవంతాన తెరిచి ఉంచింది. నిద్రలో ఉన్నవాడి కళ్లు తెరిచి పట్టుకున్నట్టు. ఒకే స్వరం ఊదాల్సిన రెండు హార్న్‌లు రెండు స్వరాలు ఊదాయి, ఒకటి వెలుగులో, ఒకటి దుప్పటి కింద. రెండింటి మధ్యా గాలి ఊగిసలాడింది, ఊవ్, ఊవ్, ఊవ్ అని, చెవిలో దూరి.

కర్ర టకటకలాడింది.

"ఇది మరీ అన్యాయం," అన్నారు డైరెక్టర్ గారు. "అమ్మాయ్, నువ్వు సెకండ్‌వి. ఫస్ట్‌తో కలవాలని కూడా తెలీదా? వారిని విను. విని కలువు. ఇదే ఆఖరు."

కలిసినా తప్పు చిన్నిదే, కలవకపోయినా తప్పు ఆమెదే. ఎటు తిరిగినా కుర్చీ పోతుంది. పోయేటప్పుడు నలుగురినీ లాక్కుని పోవడం ఎందుకు? అమ్మ కోటు గుండీలు పెడుతున్న చేతులు కళ్లముందు కదిలాయి. సరే, అనుకుంది. కుడిచెయ్యి లోపలికి పెట్టి, అరచెయ్యి మూసింది. మావయ్యకి కనపడేలాగే మూసింది.

మావయ్య ఆ చేతి వంక చూశాడు. చాలాసేపే చూశాడు. డైరెక్టర్ గారు దగ్గారు కూడా.

అప్పుడాయన ఊపిరి పీల్చాడు. పీలుస్తూ తన కుడిచెయ్యి హార్న్‌లోంచి పూర్తిగా బయటికి తీసి, మోకాలి మీద పెట్టుకున్నాడు.

ఏ హార్న్ వాద్యగాడూ అలా ఊదడు. చెయ్యి లేని హార్న్ ఏదీ దాచలేదు. గాలిపోతున్న ట్యూబులా బుసకొడుతూ, మధ్యలో చీలి, రేకు గోకినట్టు పైకెగిరి, ఆ చప్పుడు హాలంతా నిండింది. ముప్ఫై ఏళ్ల పేరు అందరి ముందూ బట్టలు విప్పుకుని నిలబడినట్టుంది. ఆయన ఆగలేదు. విడిపోవాల్సిన చోట విడిపోయాడు, కలవాల్సిన చోటుకి వచ్చాడు. చిన్ని వెనకే వెళ్లాలని చూసింది గానీ వెళ్లడానికి అక్కడ స్వరం ఏదీ? ఆమె చెయ్యి దానంతట అదే తెరుచుకుంది. చివరి స్వరం ఆమెదొక్కటే నిలబడింది, నిండుగా, శుభ్రంగా. ఆమెకి ఆ శుభ్రత అంటేనే అసహ్యం వేసింది.

మావయ్య అలవాటుగా హార్న్ తిప్పి, లోపల లేని నీళ్లు నేల మీదకి వంపాడు.

"సార్, సెకండ్‌లో లోపం లేదు," అన్నాడు. మాట మామూలుగానే ఉంది. "ఫస్ట్ ఎలా ఊదితే సెకండ్ అలాగే ఊదుతుంది. అలా నేర్పింది నేనే. ఆ రోజు మీరడిగినప్పుడే చెప్పాల్సింది."

మేనేజరు పెన్ను మూత పెట్టాడు. మావయ్య హార్న్ పెట్టెలో పెట్టి, ఒక కొక్కెం పడకపోతే బొటనవేలితో అదిమి పట్టి వేసి, లేచి పక్కతలుపు గుండా వెళ్లిపోయాడు. చిన్నిని చూడలేదు. ఆమె 'మావయ్యా' అని పిలవబోయింది. వేదిక మీద అలా పిలవకూడదని ఆయనే నేర్పాడు, పిలవలేదు.

సోమవారం పొద్దున ఆమె రిహార్సల్‌కి బయల్దేరేటప్పటికి అమ్మ స్టూలెక్కి అటక మీది పెట్టెలు దించుతోంది. అత్తయ్య కింద నిలబడి అందుకుంటోంది. "నేను దించుతానమ్మా," అంది చిన్ని. "నీకు ఆలస్యమవుతుంది, పో," అంది అమ్మ. అందులో కోపం లేదు. ఏమీ లేదు. మావయ్య గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయన నోట్లో ఉండాల్సిన పన్ను మంచం పక్కన గ్లాసులో ఉంది.

హాల్లో ఎవరో మొదటి కుర్చీ తియ్యకుండా అలాగే ఉంచారు. ట్రంపెట్ ఆయన ఇవాళ ఏ జోకూ వెయ్యలేదు. కొత్త మనిషి దొరికేదాకా మొదటి హార్న్ పాట కూడా చిన్నినే ఊదమన్నారు డైరెక్టర్ గారు. "ఇక నీకు అడ్డేముంది?" అని నవ్వారు కూడా.

నెమ్మది చోటు వచ్చింది. వయొలిన్లు ఆగాయి. డైరెక్టర్ గారి కర్ర ఆమె వైపు తిరిగి, కిందికి దిగింది.

ఏ శబ్దమూ రాలేదు. చిన్ని హార్న్ పెదాలకి ఆనించుకుని, చెయ్యి తెరిచి పెట్టుకుని, అలాగే కూర్చుని ఉంది. అందరూ వెనక్కి తిరిగారు.

"ఏమైంది?"

"ఊపిరి వినపడలేదు సార్," అంది చిన్ని.

"ఎవరి ఊపిరి?"

ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీని ఒకసారి చూసి, "మళ్లీ ఇవ్వండి సార్," అంది. కర్ర మళ్లీ లేచింది. ఈసారి ఆమె పక్కనున్నవాళ్లకి వినపడేంత గట్టిగా, మావయ్య పీల్చినట్టే, ఊపిరి పీల్చింది.